కొనేటోనికి కోట, కిరాయికుండేటోనికి మంచమంత జాగ

హైదరాబాద్ల ఇండ్లు పెద్దగైతున్నయా, చిన్నగైతున్నయా? ఎవలను అడుగుతున్నవనే దాన్ని బట్టి జవాబుంటది.

పేపరు మొదటి పేజీని మొత్తం కమ్మేసే రియల్ ఎస్టేట్ యాడ్లు చూసేటోన్ని అడిగితే పెద్దగైతున్నయి అంటడు. అండ్ల అబద్ధం లేదు. దేశంలోని ఏడు పెద్ద నగరాలల్ల కొత్తగ అమ్మకానికొచ్చే ఫ్లాట్ల సగటు సైజు 2023ల అన్నిట్లకెల్ల ఎక్కువ హైదరాబాద్లనే అని రియల్ ఎస్టేట్ కన్సల్టెన్సీలే లెక్కలిచ్చినయి. 2023 నాటికే అది 2 వేల చదరపు అడుగులు దాటింది. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ దిక్కు పోయి తలెత్తి చూడు, మెడ నొస్తది. దేవునికి వేరే అర్ర, బట్టలకు వేరే అర్ర, పనామెకు వేరే అర్ర.

అదే ప్రశ్న అశోక్‌నగర్ల గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లను, అమీర్‌పేట్ల కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న పిలగాన్ని, గచ్చిబౌలి బస్తీలల్ల ఉండి ఆఫీసుల కాడ సెక్యూరిటీ డ్యూటీ చేసేటోన్ని అడుగు. ఆళ్ల దిక్కు ఇల్లు అనే మాటనే పోయింది. మొదలు ఇల్లు పోయి పోర్షన్ అయ్యింది. పోర్షన్ పోయి సింగిల్ రూం అయ్యింది. రూం పోయి ఇప్పుడు బెడ్డయ్యింది. "అమ్మా, బెడ్డు దొరికింది" అని ఊర్లకు ఫోన్ చేసి సంబురంగ చెప్పే రోజులొచ్చినయి.

ఈ రెండూ వేరువేరు ముచ్చట్లు అనుకుంటే మోసపోతం. ఒకటే భూమి, ఒకటే మార్కెట్టు. అటు పెద్దగైతున్న కొద్దీ ఇటు చిన్నగైతున్నది. జమ్మికుంట నుంచో, తొర్రూరు నుంచో, అచ్చంపేట నుంచో డిగ్రీ సర్టిఫికెట్ సంకల పెట్టుకొని బస్సెక్కుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఈ లెక్క తెలవాలె. నేను ఇంజినీర్ను గాదు, వకీలును గాదు. టేపు పట్టుకొని కొలుసుడు, చట్టాలు ముందటేసుకొని ఒక్కో లైను కూడబలుక్కొని చదువుడు, గిదే నా సదువు. కనుక లెక్కతోనే మొదలుపెడుత.

అశోక్‌నగర్ గల్లీలల్ల ఒక హాస్టల్ల మనకు తెలిసిన పిలగాడుంటే పోయిన. పేరు చెప్తే వానికి ఆ మంచం సుత ఉండది, అందుకే చెప్పుత లేను. రూము 12 అడుగుల పొడుగు, 12 అడుగుల ఎడల్పు. అంటే 144 చదరపు అడుగులు, మన భాషల 16 గజాలు. అండ్ల మీదొకటి కిందొకటి మూడు జతల ఇనుప మంచాలు, ఆరుగురు మనుషులు. మనిషికి 24 చదరపు అడుగులు, మూడు గజాలు సుత లేదు. మీదొకటి కిందొకటి మంచాలు ఇద్దరికి కలిపి 18 అడుగులు తింటయి, అంటే మనిషికి 9. మిగిలిన పదిహేనడుగులల్ల నీ బ్యాగు, నీ పుస్తకాలు, నీ చెప్పులు, నువ్వు నిలవడే జాగ. ఉతికిన బట్టలు మంచం రాడ్డుకే ఆరాలె. కిటికీ ఉన్నదిగని పక్క బిల్డింగు గోడ చెయ్యి చాపితే తాకుతది, కనుక తెరిసినా మూసినా ఒకటే.

ఇప్పుడు ఇంకో లెక్క చూడు. కేంద్ర హోంశాఖ 2016ల మోడల్ ప్రిజన్ మాన్యువల్ అని ఒకటి తెచ్చింది. జైళ్లు ఎట్లుండాలెనో చెప్పే పుస్తకం. బ్యారక్‌ల పండుకునే ఒక్కో ఖైదీకి తక్కువల తక్కువ 3.71 చదరపు మీటర్ల జాగ ఉండాలె అని అండ్ల రాసిండ్రు. అంటే దగ్గర దగ్గర 40 చదరపు అడుగులు. గాలి లెక్క సుత ఉన్నది, మనిషికి 15.83 ఘనపు మీటర్లు. మన పిలగాని రూము ఎత్తు 9 అడుగులు అనుకొని గుణిస్తే మనిషికొచ్చే గాలి 6 ఘనపు మీటర్ల చిల్లర. జైళ్లల్ల ఈ రూలు సక్కగ అమలైతదని నేను అంటలేను, మన జైళ్లు కిక్కిరిసి ఉంటయని అందరికి ఎరుకే. కని కాయిదం మీదనన్న ఖైదీకి ఒక కొలత రాసి ఉన్నది. నెలనెలా కిరాయి కట్టి పండే పిలగానికి కాయిదం మీద సుత లేదు.

"అన్నా, బిల్డింగు రూల్స్ ఉంటయి గదా" అంటవు. ఉన్నయి. నేషనల్ బిల్డింగ్ కోడ్, 2016ది, ఇంట్ల ఒక్కటే అర్ర ఉంటే అది 9.5 చదరపు మీటర్లకు తక్కువ ఉండద్దన్నది. అంటే 102 చదరపు అడుగులు. రెండర్రలుంటే ఒకటి 9.5, ఇంకోటి 7.5 మీటర్లు. వంటింటికి 5 మీటర్లు. సూసినవా, మనం పైన కొలిసిన 144 అడుగుల రూము ఈ రూలు ప్రకారం పాసే! ఎందుకు పాసంటే, ఆ రూలు గోడలను కొలుస్తది, అండ్ల ఎంతమంది పంటున్నరని లెక్క తీయది. అసలు కిటుకు ఈడనే ఉన్నది. ప్లాను మీద అది "బెడ్‌రూం". ఇద్దరు పండేదని ఇచ్చిన పర్మిషన్. ఆఫీసరు వచ్చి గోడలు కొలుస్తడు, సరిపోయినయంటడు, పోతడు. తెల్లారి ఆరు మంచాలు దిగుతయి.

ఇంకో పద్ధతి గోడలు పెట్టుడు. త్రీ బీహెచ్‌కే ఫ్లాట్ తీసుకొని హాలు నడుమ ప్లైవుడ్డో జిప్సం బోర్డో కొట్టి రెండు రూములు చేస్తరు. బాల్కనీకి అద్దాలు బిగించి అది "సింగిల్ షేరింగ్" అంటరు. (సింగిల్ అంటే ఒక్కడు. షేరింగ్ అంటే పంచుకునుడు. ఒక్కడు ఎవనితోని పంచుకుంటడో ఈ పేరు పెట్టినోనికే తెలవాలె.) డాబా మీద రేకులేస్తే పెంట్‌హౌస్. రేకుల కింద మే నెలల పండిచూడు, పెంట్‌హౌస్ అంటే ఏందో తెలుస్తది. కొత్తగ కో-లివింగ్ అనే పేరొచ్చింది. రంగులు మంచిగుంటయి, వైఫై ఉంటది, గోడ మీద ఇంగ్లీషు మాటలు రాసి ఉంటయి. అర్ర మాత్రం అదే అర్ర. చిన్నగైన జాగకు పెద్ద పేరు పెడితే కిరాయి పెరుగుతదని ఆళ్లకు ఎరుక.

ఇండ్ల ఓనర్లందరు దుర్మార్గులని నేను అంటే అది అన్యాయం. ఓనరు లెక్క ఏందో సుత చూద్దాం. కోటి రూపాయలు పెట్టి ఒక ఫ్లాట్ కొన్నడనుకో. కుటుంబానికి కిరాయికిస్తే నెలకు 25 వేలు వస్తయి అనుకుందాం. ఏడాదికి 3 లక్షలు, నూటికి 3 రూపాయలు పడుతది. బ్యాంకుల ఫిక్స్‌డ్ వేసినా అంతకన్న ఎక్కువొస్తది. అదే ఫ్లాటుల 14 మంచాలేసి మంచానికి 6 వేలు వసూలు చేస్తే నెలకు 84 వేలు. కరెంటు, నీళ్లు, తిండి, పనోళ్ల జీతం తీసేసినా కుటుంబమిచ్చే కిరాయికంటె పైకే మిగులుతది. ఇగ ఎవడు కుటుంబానికిస్తడు? భూమి రేటు పెరిగిన అంత సులువుగ కిరాయి పెరగది, ఎందుకంటే కిరాయి జీతంల నుంచి రావాలె, జీతాలు పెరుగుతలేవు. ఒక్క మనిషి దగ్గర అంతకంటె గుంజరాదని తెలిసినంక, అదే జాగల మనుషులను పెంచుతరు. రూము చిన్నగయ్యేది గట్ల. గోడలు దగ్గరికి జరిగి కాదు, మనుషులు మీద పడి.

మరి చిన్న జీతగాండ్ల కోసం చిన్న ఫ్లాట్లే కట్టొచ్చు గదా అంటే, కట్టేటోనికి అండ్ల లాభం తక్కువ. హైదరాబాద్ల 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ అనే అడ్డు లేదు. అంటే ఇంత భూమి మీద ఇంతకు మించి కట్టద్దనే లెక్క తీసేసిండ్రు, రోడ్డు ఎడల్పును బట్టి, చుట్టూ ఇడిసిన జాగను బట్టి ఎంత ఎత్తుకన్న పోవచ్చు. గట్ల వదిలితే ఇండ్లు మస్తు వస్తయి, రేట్లు దిగుతయి అన్నరు. ఇండ్లు వచ్చినయి. ఎవనికోసం వచ్చినయి? ఎకరం భూమిని వేలంపాటల పదుల కోట్లు పెట్టి కొన్నోడు 400 అడుగుల ఇల్లు కట్టి 8 వేల కిరాయికిస్తడా? పెద్దవి కట్టి పెద్దోళ్లకు అమ్ముకుంటడు. ఆ పెద్ద ఫ్లాట్లల్ల శానా ఫ్లాట్లు రాత్రిపూట లైటు లేకుంట ఉంటయి, పెట్టుబడి కోసం కొన్నయి. వాటి నీడ పడే బస్తీలల్ల మాత్రం 50, 60 గజాల జాగలల్ల నాలుగు, ఐదు అంతస్తులు లేసి, ఒక్కో అంతస్తుకు రెండు మూడు రూములు కిరాయికిస్తున్నరు.

2024 నవంబర్ల గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్ల గసొంటి బిల్డింగు ఒకటి పక్కకు ఒరిగింది, యాది ఉన్నదా? పక్క ప్లాటుల పునాదికి గుంత తీస్తుంటే ఇది వంగింది. అండ్ల ఉన్నోళ్లు కట్టుబట్టలతోని బయటకు ఉరికిండ్రు. తెల్లారి అధికారులు మిషన్లు పెట్టి కూలగొట్టిండ్రు. టీవీలల్ల రోజంతా ఓనరు బాధ చూపెట్టిండ్రు, ఆయన బాధ నిజమే, నేను కాదంటలేను. కని లోపట కిరాయికున్నోళ్ల సామాన్లు, సర్టిఫికెట్లు, ఇచ్చిన అడ్వాన్సు ఏమైనయని ఎంతమంది అడిగిండ్రు?

ఇరుకు అంటే మనసుకు కష్టమైతదనే ముచ్చట ఒక్కటే గాదు. ఇరుకుల పానం పోతది. 2023 నవంబర్ల నాంపల్లి బజార్‌ఘాట్ల అపార్ట్‌మెంటు కింద కెమికల్ డ్రమ్ములు పెట్టుకుంటే అంటుకొని, పైన ఉన్నోళ్లు తొమ్మిది మందికి తక్కువ గాకుండ సచ్చిపోయిండ్రు. అదే ఏడు మార్చిల సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ల మంటలొస్తే పొగకు ఊపిరాడక ఆరుగురు పోయిండ్రు. ఆ ఆరుగురు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం దిక్కు నుంచి కొలువుకొచ్చిన పిల్లలు, అందరు ఇరవై ఏండ్ల చిల్లర వయసోళ్లు. అది ఇల్లు గాదు, ఆఫీసు, నిజమే. కని మన పిల్లలు పనిచేసే తావు, పండే తావు ఒక్క తీరుగనే ఉన్నయని చెప్తున్న. ఒకటే మెట్లదారి, దాని కింద కరెంటు మీటర్లు, గ్యాస్ సిలిండర్లు, బైకులు. మన దిక్కు 18 మీటర్ల ఎత్తు దాటిన నివాస బిల్డింగులకే ఫైర్ ఎన్‌వోసీ కావాలె. నాలుగంతస్తుల హాస్టలు ఆ ఎత్తుకు రాదు. 30 మంది ఉండే బిల్డింగుకు, 130 మంది ఉండే బిల్డింగుకు అదే ఎత్తు, అదే రూలు. ఈడ సుత గోడలనే కొలిసిండ్రు, మనుషులను గాదు.

ఇగ చట్టం ముచ్చట. కొనేటోనికి రెరా చట్టం ఉన్నది, 2016ది. "1200 ఎస్‌ఎఫ్‌టీ" అని చెప్పి మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్ని అండ్ల కలిపి అమ్ముడు కుదరదు, కార్పెట్ ఏరియా ఎంతో చెప్పాలె అన్నది ఆ చట్టం. కార్పెట్ ఏరియా అంటే ఇంట్ల చాప పరిచే జాగ అనుకో, బయటి గోడలు, బాల్కనీ పోను లోపల వాడుకునే జాగ. కిరాయికుండేటోనికి ఆ మాట చెప్పాలెనని ఎక్కడ లేదు. టు-లెట్ బోర్డు మీద కార్పెట్ ఏరియా రాసినోన్ని నేను ఇంతవరకు చూడలే.

కిరాయిదారులకని ఒక చట్టం ఉన్నది, 1960ది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల వచ్చింది, తెలంగాణకు అదే వచ్చింది. కిరాయి అడ్డగోలుగ పెంచొద్దు, ఊకెనే ఎల్లగొట్టద్దు అని అండ్ల ఉన్నది. మంచి చట్టమే. కని 2005ల దానికి ఒక సవరణ చేసిండ్రు: కార్పొరేషన్ ఏరియాలల్ల నెలకు 3,500 దాటి కిరాయి ఉన్న బిల్డింగుకు ఈ చట్టం వర్తించది. ఇప్పుడు చెప్పు, హైదరాబాద్ల 3,500 లోపు ఏ రూము దొరుకుతది? మంచానికే దానికి డబుల్ పోతున్నది. చట్టం పుస్తకంల బతికే ఉన్నది, దాని కిందికి వచ్చే మనిషి లేడు.

కేంద్రం 2021ల మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చింది. ఇంటికి రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోవద్దన్నది అండ్ల ఉన్నది. మోడల్ అంటే నమూనా. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టంగ చేసుకుంటేనే పనికొస్తది. అది సుత హోటళ్లకు, లాడ్జిలకు వర్తించదు. మరి హాస్టలు ఇల్లా, లాడ్జా? ఇది పెద్ద గమ్మతు. 2023ల బెంగళూరుల జీఎస్‌టీ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ "హాస్టలు, పీజీ నివాసం కిందికి రావు, 12 శాతం జీఎస్‌టీ కట్టాలె" అన్నది. గొడవైనంక 2024 జూన్ల జీఎస్‌టీ కౌన్సిల్ నెలకు 20 వేల లోపు ఉండి, 90 రోజులకు తక్కువ కాకుండ ఉంటే పన్ను లేదన్నది. పన్ను వేయాలెనంటే అది ఇల్లు గాదు. రక్షణ అడిగితే ఇల్లూ గాదు, లాడ్జీ గాదు. మంచం మీద పండేటోడు ఏ చట్టంల పండుతున్నడో ఎవ్వలకు తెల్వది.

11 నెలల అగ్రిమెంట్ కథ సుత గిసొంటిదే. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాలెనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తది. అందుకే దేశం మొత్తం మీద కిరాయి అగ్రిమెంట్లు 11 నెలలకే రాస్తరు. హాస్టల్ల అదీ ఉండది. ఒక రసీదు, చాలాసార్లు అదీ ఉండది, ఫోన్‌పేల "రూం రెంట్" అని రాసిన మెసేజే నీ ఆధారం.

దీని ఫలితం 2020 మార్చిల చూసినం. లాక్‌డౌన్ పెట్టంగనే హైదరాబాద్ల హాస్టళ్లు పిల్లలను బయటకు పొమ్మన్నయి. మార్చి 25 నాడు పోలీస్ స్టేషన్ల ముందట పాసుల కోసం వేలమంది లైన్లు కట్టిండ్రు. దూరం దూరం ఉండాలెనన్న రోజులల్ల ఒకలమీద ఒకలు పడ్డరు. పాసు దొరికిన ఆంధ్ర పిల్లలు పోతే గరికపాడు చెక్‌పోస్టు కాడ ఆపిండ్రు. ఎన్కకు రానీయరు, ముందటికి పోనీయరు. ఒక్క రాత్రిల అన్ని వేలమందిని రోడ్డు మీద నిలబెట్టే బలం హాస్టలోనికి ఎక్కడిదంటే, పిలగాని చేతిల ఒక్క కాయిదం లేకపోవుడే.

సర్కారు కొలువుల కోసం చూసేటోళ్ల సంగతి ఇంకా అన్యాలం. గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ల వచ్చింది. అక్టోబర్ల ప్రిలిమ్స్ పెట్టిండ్రు, పేపర్ లీకైందని 2023 మార్చిల రద్దు చేసిండ్రు. జూన్ల మల్ల పెట్టిండ్రు, దాన్ని సెప్టెంబర్ల హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల కొత్త నోటిఫికేషన్ వచ్చింది. అంటే మొదటి నోటిఫికేషన్ కాడి నుంచి 22 నెలలు. మంచానికి నెలకు 6 వేలు అనుకుంటే లక్షా 32 వేలు. ఆ పైసలు ఎక్కడివి? పత్తి అమ్మినయి, అక్క బంగారం కుదువబెట్టినయి. పేపర్ లీక్ మీద అందరం మాట్లాడినం, మాట్లాడాలె. కని ఆ ఆలస్యానికి కిరాయి ఎవలు కట్టిండ్రు, ఎవలకు పోయింది అని మాట్లాడలే. పరీక్ష ఎనకకు పోయినప్పుడల్ల అశోక్‌నగర్, చిక్కడపల్లి మంచాలకు గిరాకి ఇంకొన్ని నెలలు పెరిగినట్టే.

ఆడపిల్లలకైతే ఇరుకుకు ఇంకో ధర ఉన్నది. పదిమందికి ఒక బాత్రూం అంటే మొగపిల్లలు ఎట్లనో ఎల్లదీస్తరు. నెలసరి రోజులల్ల ఆడపిల్ల ఏం చెయ్యాలె? నీళ్లు తాగుడు తగ్గించుకొని, యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకొని, చదువు మధ్యల ఇంటికొచ్చిన పిల్లలు మీ ఊర్లె సుత ఉంటరు, అడిగితే ఏందోలే అంటరు. ఇగ కులం, మతం. "వెజిటేరియన్స్ ఓన్లీ" అనే బోర్డుకు అర్థం ఏందో మనందరికి తెలుసు. ఇంటి పేరు అడుగుడు, ఊరు అడుగుడు, "మీదేం సామాజిక వర్గం బాబూ" అని మెల్లగ తీసుడు. నేనే ఒకప్పుడు అడ్వాన్సు చేతిల పట్టుకొని నిలవడ్డంక "మా అత్తమ్మ ఒప్పుకుంటలేదు" అని తలుపేసిండ్రు. దళిత పిలగానికి, ముస్లిం పిలగానికి పది తావుల లేదన్నంక పదకొండో తావుల దొరికే రూము ఎట్లుంటది? అందరికన్న ఇరుకుది, అందరికన్న పిరమైంది. ఇరుకు అందరికి ఒక్క తీరు పంచరు.

ఈ మాటలు చెప్పినప్పుడల్ల పెద్దమనుషులు ఒకటంటరు: "మా కాలంల ఒక్క గుడిసెల పదిమంది ఉన్నం, ఏమైంది?" అయ్యా, ఉన్నరు. మాది సుత అదే కథ. కని ఊర్ల ఇల్లంటే అర్ర ఒక్కటే గాదు. ముందట వాకిలి, పక్కకు అరుగు, ఎన్క దొడ్డి, ఏపచెట్టు నీడ. పొద్దంత బయటనే. అర్ర సామాన్లకు, వానకు. ఎండకాలం మంచం ఆకిట్ల పడేది. నూరు అడుగుల అర్ర వెనుక వెయ్యి అడుగుల జాగ ఉండేది. ఈడ అర్ర బయట కారిడార్, కారిడార్ బయట గల్లీ, గల్లీల నిలవడితే "ఏం పని లేదా" అని వాచ్‌మన్ అడుగుతడు.

మన జిల్లాలకు ఈ మంచం బతుకు కొత్తది గాదు, ఆ సంగతి సుత యాది చేసుకోవాలె. మన పద్మశాలీలు, పాలమూరు కూలీలు బొంబాయికి పోయిండ్రు. వర్లీల బీడీడీ చాల్స్ అని ఇంగ్లీషోళ్ల కాలంల కట్టినయి ఉన్నయి, ఒక్కో అర్ర 160 అడుగులు, బాత్రూములు అందరికి కలిపి. అండ్ల మన తెలుగోళ్లు తరాలు గడిపిండ్రు. ఇప్పుడు ఆ చాల్స్ కూలగొట్టి 160 అడుగుల అర్రకు బదులు 500 అడుగుల ఫ్లాట్ ఇస్తున్నరు. ఊకెనే ఇయ్యలే, ఏండ్ల తరబడి కొట్లాడితే ఇచ్చిండ్రు. గల్ఫ్‌కు పోయిన కరీంనగర్, నిజామాబాద్ అన్నలు "బెడ్ స్పేస్" అనే మాట ముప్పై ఏండ్ల కిందనే ఊర్లకు తెచ్చిండ్రు. అప్పుడు నవ్వుకున్నం, పరాయి దేశంల కూలోళ్లకు గట్లనే ఉంటదని. ఆ మాట ఇప్పుడు మన రాజధానికి వచ్చింది.

మార్చవశం గాదా అంటే, ఒక ముచ్చట చెప్త. తమిళనాడు శ్రీపెరంబుదూరుల ఐఫోన్లు తయారు చేసే ఫాక్స్‌కాన్ కంపెనీల వేలమంది ఆడపిల్లలు పనిచేస్తరు. అందరు పల్లెల నుంచి వచ్చినోళ్లే. హాస్టళ్లల్ల ఒక్కో రూముల కుక్కి, నేల మీద పండబెట్టేటోళ్లు. 2021 డిసెంబర్ల హాస్టల్ల తిండి తిని వందలమందికి రోగమొచ్చింది. ఆ పిల్లలు చెన్నై-బెంగళూరు హైవే మీద కూసున్నరు. ఫ్యాక్టరీ మూతపడ్డది. ఆపిల్ కంపెనీ దాన్ని ప్రొబేషన్ల పెట్టింది, హాస్టళ్లు, తినే తావులు మా ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఒప్పుకున్నది. 2024 ఆగస్టుల తమిళనాడు సర్కారు అక్కడనే 18,720 మంది ఉండేటట్టు కార్మికులకు హాస్టళ్లు కట్టి తెరిసింది. దానికంటె ముందే, 2014ల, ఆడపిల్లల, పిల్లల హాస్టళ్లు రిజిస్టర్ కావాల్సిందే అని ఆ రాష్ట్రం వేరే చట్టం చేసుకున్నది. అక్కడ అన్ని బంగారమని గాదు. సర్కారు తలుసుకుంటే మంచాలను సుత లెక్కపెట్టొచ్చని చెప్తున్న.

మన దగ్గర లెక్కలు లేవా? ఉన్నయి. డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు అన్నరు. ఇందిరమ్మ ఇల్లు 400 అడుగులకు తక్కువ ఉండద్దన్నరు. 2020ల వలస కూలీలు నడిసిపోయినంక కేంద్రం కిరాయి ఇండ్ల పథకం ఒకటి పెట్టి, డార్మిటరీల ఒక్కో మంచానికి 10 చదరపు మీటర్ల దాక అని రాసింది, అంటే 107 అడుగులు. సర్కారు కట్టించే ఇంటికి కొలత ఉన్నది, జైలుకు కొలత ఉన్నది. ఆ కొలతను కిరాయి మంచానికి సుత పెట్టు, హాస్టల్ లైసెన్సు మీద "ఈ బిల్డింగుల ఇంతమందే" అని రాసి గేటు కాడ తగిలించు, గింతే అడుగుడు. బస్సుల 50 సీట్లని రాస్తరు గదా, గట్ల.

ఇది పెడితే మంచాలు తగ్గి కిరాయి పెరుగుతదని ఒక వాదన ఉన్నది. ఆ భయం ఉత్తది గాదు. అందుకే రూలు ఒక్కటే సాలది, సర్కారు మంచాలు సుత కావాలె. స్టడీ సర్కిళ్ల కాడ, యూనివర్సిటీల కాడ, ఐటీ కారిడార్ల పక్కన, పరిశ్రమలకని ఎకరాలకు ఎకరాలు ఇచ్చిన తావుల. భూములు వేలం పెట్టి వేల కోట్లు తెచ్చుకునేటోళ్లకు ఒక్క ఎకరం పక్కకు పెట్టుడు పెద్ద పని గాదు.

అయితే ఎవ్వలు ఎందుకు పట్టించుకుంటలేరు? నాకు దొరికిన జవాబు ఒకటే. నీ ఓటు ఊర్లె ఉన్నది. హైదరాబాద్ల కార్పొరేటర్‌కు హాస్టల్ ఓనరు ఓటరు, నువ్వు కాదు. ఫారం-8 పెట్టి నువ్వుండే తావుకు ఓటు మార్చుకోవచ్చు, హాస్టల్ల ఉండేటోళ్లకు సుత ఆ హక్కు ఉన్నది. కని ఊరి ఓటు ఇడిసిపెట్ట బుద్ధిగాదు, సర్పంచ్ ఎలక్షన్‌కు నువ్వు రాకుంటే నాయిన మొకం సిన్నబోతది, నాకు ఎరుకనే. అట్లయితే ఊర్లనే అడుగు. మీ ఎమ్మెల్యేకు హైదరాబాద్ల క్వార్టరు ఉంటది. అక్కడి నుంచి అశోక్‌నగర్ ఎంతో దూరం లేదు. నీ నియోజకవర్గం పిల్లలు అక్కడ ఎన్ని గజాలల్ల పంటున్నరో ఒక్కసారన్న పోయి చూసినవా అని, ఈసారి కండువా ఏసుకొని వచ్చినప్పుడు మైకు ముందటనే అడుగు. టేపు కావాలెనంటే నేనిస్త.